తొలియడుగును జూడని తల్లి

బిడ్డ తొలియడుగు వేసిన క్షణమున దల్లి యెదుట లేకపోవుట దోషమా? ఈ ప్రశ్నను సభలలో నెవరు నడుగరు. పత్రికలలో నరుదుగా గనబడును. కాని విశాఖపట్టణమున నుదయము ఎనిమిది గంటల వేళ గాజువాక కూడలిలోనో, మద్దిలపాలెము కూడలిలోనో బస్సుకొఱకు నిలిచియున్న స్త్రీల ముఖములను బరికించి చూచినచో నీ ప్రశ్న పెక్కుర కన్నులలో మెదలుచుండుట తెలియును. ఇంట నొక పసిబిడ్డను మఱియొకరి యొడిలో విడిచి, వెనుదిరిగి చూచినచో నడుగు ముందునకు బడదని వెఱచి, గబగబ మెట్లు దిగివచ్చిన తల్లికే తెలియు బాధ యిది. ఈ బాధ న్యాయమైనదా, లేక లోక మామె నెత్తిన మోపినదా యని విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మా యెఱుకలో నొక కుటుంబము కలదు. భార్య ఓడరేవు సమీపమున నొక కార్యాలయములో లెక్కలు వ్రాయు నుద్యోగిని. భర్తకు గర్మాగారములో మూడు షిఫ్టుల పని. బిడ్డ పుట్టిన యేడవ నెలలో నామె సెలవు ముగిసినది. బిడ్డను అత్తగారి కప్పగించి మఱల బనికి బోవ నారంభించెను. పదునొకండవ నెలలో నొకనాటి మధ్యాహ్న మా బాలుడు గోడ విడిచి మూడడుగులు వేసి నాయనమ్మ మోకాళ్లపై వ్రాలెను. సాయంకాలము కోడలు రాగానే యత్తగారు గుమ్మములోనే యా శుభవార్త చెప్పెను. కోడలు నవ్వెను; బిడ్డను ముద్దాడెను; పిమ్మట వంటయింటిలోనికి బోయి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో నేడ్చెను. ఇంటిల్లిపాదికి బండుగయైన వార్త యామె కొక నేరారోపణ మయ్యెను.

అత్తగా రా యేడ్పును వినెను, ఏమియు ననలేదు. కాని నాటినుండి యొక నియమము చేసికొనెను. బాలుడు మొదటిసారి గడప దాటినను, క్రొత్తమాట పలికినను, కోడలికి జెప్పుట మానివేసెను. సాయంకాలము కోడలి కన్నులయెదుట వా డా పనియే మఱల జేయువఱకు గాచియుండి, "చూశావా అమ్మాయ్, ఇప్పుడే మొదలెట్టాడు!" అని యాశ్చర్యము నటించుచుండెను. ఇది యసత్యము, దయతో నాడిన యసత్యము. దీనిని మెచ్చుకొనవలెనా, తప్పనవలెనా యని మేము చాల దినము లాలోచించితిమి. ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకబోగా, ఉద్యోగము చేయు తల్లిని గూర్చిన పెద్దప్రశ్న యంతయు దీనిలోనే యిమిడియున్నట్లు తోచినది.

అట్టి తల్లిని గూర్చి లోకమున రెండు వాదములు వినబడుచున్నవి. మొదటి వాదమువారు, "బిడ్డ పెంపకము తల్లికి భగవంతు డప్పగించిన పని, జీతమునకై దానిని విడుచుట ధర్మత్యాగము" అందురు. రెండవ వాదమువారు, "బిడ్డయొద్ద గడపిన గంటలతో బని లేదు, గడపిన తీరే ముఖ్యము, దినమున కఱగంట మనసిచ్చి యాడించిన జాలును" అందురు. మొదటిది తల్లిని శిక్షించును. రెండవది యామెను బుజ్జగించును. మొదటిది చరిత్రను మఱచినది. రెండవది నష్టమును దాచినది.

చరిత్రను జూతము. విశాఖపట్టణమున జాలరి స్త్రీ లెన్నడు నింట గూర్చుండి యెఱుగరు. తెల్లవాఱకమునుపే రేవునకు బోయి, వేలములో జేపలు కొని, తట్ట నెత్తి కెత్తుకొని వీథులవెంట నమ్ముట, మిగిలినవానికి నుప్పు పట్టించి యెండబెట్టుట తరతరములుగా వారి పని. పల్లెలలో నాట్లు వేయు తల్లులు చెట్టుకొమ్మకు బాతచీరతో నుయ్యెల గట్టి, బిడ్డను బరుండబెట్టి మడిలోనికి దిగుదురు. ఈ తల్లులను జూచి, "అయ్యో, బిడ్డ గతి యేమి?" అని విద్యావంతులు వ్యాసములు వ్రాయుట యరుదు. చదువుకొన్న స్త్రీ కుర్చీలో గూర్చుండి జీతము తీసికొనుట మొదలైన పిమ్మటనే మనకు బిడ్డపై నింత జాలి పుట్టినది. కావున నా జాలి యంతయు బిడ్డను గూర్చినదే కాదని యొప్పుకొనక తప్పదు.

ఇందు మఱియొక విచిత్రము గలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1883లో స్త్రీలకొఱకు "సతీహితబోధిని" పత్రికను నడప నారంభించిన కాలమున, స్త్రీవిద్యకు సంస్కర్తలు చూపుచుండిన హేతువులలో నొకటి, తల్లియే బిడ్డకు దొలిగురువు గావున నామె విద్యావతి కావలెననునది. ఆ వాదము గెలిచెను. విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాల వెలసెను. 1926లో బెజవాడలో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పిమ్మట వాల్తేరునకు దరలివచ్చెను. కాలక్రమమున నాడుపిల్లలు చదివిరి. చదివినవారు వైద్యులును, ఉపాధ్యాయినులును, ఇంజనీర్లును, గుమాస్తాలును నైరి. బిడ్డకు జదువు చెప్పుటకై తల్లికి జదువు చెప్పించిన లోకమే, ఆ చదువు తల్లిని గడప దాటించినప్పుడు, "ఇక బిడ్డకు జదువు చెప్పువా రెవరు?" అని యామెనే నిలదీయుచున్నది. తొలిగురువు తల్లి యొక్కతెయే యని యెవరు నిర్ణయించిరి? ఆ ప్రశ్నను సంస్కర్తలు నాడు వేయలేదు. నేడు మనము వేయవలసియున్నది.

అయినను రెండవ వాదమువారివలె నష్టమే లేదనుటయు సరికాదు. చెట్టుక్రింది యుయ్యెల స్వర్గమని మే మనుటలేదు. అచట నెండయు, చీమలును, వానయు నుండును. కాని యా తల్లికి బిడ్డ యేడ్పు వినబడును. ఆమె గట్టుమీదికి వచ్చి పాలిచ్చి పోగలదు. ఓడరేవు కట్టుబాటు వేఱు. అచట బ్రహరిగోడలు, కాపలావారు, ప్రవేశపు చీట్లు. ఉక్కు కర్మాగారములో గాని, ఓడలను గట్టు యార్డులో గాని పసిబిడ్డ కాలు పెట్టుటకు వీలులేదు. యంత్రముల నడుమ బిడ్డకు రక్షణ లేదు గావున వీలుండగూడదు గూడ. పనిని గృహమునుండి దూరము చేసినది తల్లి కాదు, పరిశ్రమ. ఆ దూరమువలన దినమున కెనిమిది గంటలు, ప్రయాణముతో గూడ పది గంటలు, తల్లికి బిడ్డ కానరాకుండుట నిజము. ఈ నష్టమును నష్టమని చెప్పనిచో, వంటయింటిలో నేడ్చిన యా తల్లి దుఃఖమును మనము వెఱ్ఱియని త్రోసివేసినవార మగుదుము.

అయితే నష్టపోయిన దేది? ఇచట గొంత సూక్ష్మముగా విచారింపవలెను. ఆమె యేడ్చినది పది గంటలకొఱకు గాదు, మొదటి యడుగుకొఱకు. నెలలతరబడి సాగు నడక యను విద్యలో నొక క్షణమును మొదటిదని వేఱుచేసి, దానికి గిరీటము పెట్టి, దానిని జూచినవారే బిడ్డ యెదుగుదలను జూచినవారని మనము నిర్ణయించుకొంటిమి. చేతిలోని టెలిఫోనుతో నా క్షణమును బొమ్మగా బట్టి బంధువు లందఱకు బంపుట వాడుకయైన యీ దినములలో నీ భ్రమ మఱింత ముదిరినది.

మా నగరపు రేవునే దృష్టాంతముగా దీసికొందము. 7 అక్టోబరు 1933న "జలదుర్గ" యను నోడ విశాఖ రేవులో మొట్టమొదట బ్రవేశించెను. ఆ పేరును, ఆ తేదియు పుస్తకములకెక్కినవి. కాని రేవు నాడే పుట్టినదా? అంతకుముందు ఏండ్లతరబడి బురదనేలను ద్రవ్వినవారి మాట యేమి? ఈ తీరమున సముద్రపు టిసుక దక్షిణమునుండి యుత్తరమునకు సాగుచు రేవుముఖమును బూడ్చజూచును. దానిని నిలువరించుటకు నాడు పాత యోడలను ముంచి యడ్డుకట్టగా జేసిరి. నేటికిని డ్రెడ్జర్లు పేరుకొను నిసుకను దోడివేయుచునే యున్నవి. ఆ యిసుకనే నగరపు బీచికి జేర్చి, కోసుకొనిపోవు తీరమును నింపుచున్నారు. ఈ పని కొన్నాళ్లు మానినచో జలదుర్గ వచ్చిన దారియే పూడిపోవును. మొదటి యోడ తేది చరిత్రకారున కవసరము. రేవును నిలుపునది మాత్రము పేరు లేని ప్రతిదినపు పని.

బిడ్డ యెదుగుదలయు నిట్టిదే. నడకకు ముందు బోరగిలపడుట, ప్రాకుట, పట్టుకొని నిలుచుట, నిలిచి చతికిలబడుట. వీనిలో నేది మొదటి యడుగు? గోడను వ్రేలికొనతో దాకుచు వేసినదా, వ్రేలు తీసి వేసినదా? మాటయు నంతే. మొదట "ఉంగా" యను ధ్వని; ఆఱేడు నెలలకు "బబబ, తతత" యను నక్షరపు మూటలు; ఏడాది నాటికి వానిలో నొకటి "తాత" యగును. మన తెలుగున దాత, మామ, అత్త, బువ్వ, లాల యను మాటలు శిశువు నోటికి గొలిచి చేసినట్లున్నవి. బిడ్డ మాట పలికెనో, పెద్దలు ధ్వనిని విని మాటగా జేసికొనిరో చెప్పుట కష్టము. పుట్టిన కొలది దినములకే శిశువు తల్లి గొంతును బరస్త్రీ గొంతునుండి వేఱుపఱచి, దానినే వినగోరునని 1980లో ప్రకటితమైన యొక ప్రయోగము చూపినది. అనగా నా పాఠము గర్భములోనే మొదలైనది. ఇంత దీర్ఘమైన విద్యలో నిజముగా మొదటిదాని నెవరును జూడలేదు. అత్తగారు చూచినదియు మొదటిది కాదు. ఆమెకు గనబడిన మొదటిది.

మఱి బిడ్డ యెదుగుదలను జూచి యానందించుట యన నేమి? నిన్నటి బిడ్డను జ్ఞాపకముంచుకొని నేటి బిడ్డను జూచుట యని మా యభిప్రాయము. మొన్న గిన్నెను నేలకు గొట్టి చప్పుడు వినుటతో దృప్తిపడినవాడు, నేడు చిన్నగిన్నెను బెద్దగిన్నెలో నమర్చుచున్నాడు. అమరనిచో త్రిప్పి చూచుచున్నాడు. ఈ రెండింటికి నడుమ నొక గొప్ప యోచన జరిగినదని గుర్తించినవారి కానందము కలుగును. దీనికి వలసినవి జ్ఞాపకము, శ్రద్ధ, కొంచెము తీఱిక. దినమంతయు నింటనే యున్నను మనసు పొయ్యిమీద నున్నవారికి నిది కనబడకపోవచ్చును. సాయంకాలము వచ్చినవారికి గనబడవచ్చును. అయితే యామెకు జూచుటకు దగిన శక్తి మిగిలియుండవలెను.

ఇచటనే యొక ప్రమాదము గలదు. కాలము తక్కువగా నున్న తల్లి, ఉన్న గంటను వ్యర్థము చేయరాదని తలంచును. తలంచి, ఆ గంటను బాఠశాలగా జేయును. మూడేండ్ల బిడ్డను గూర్చుండబెట్టి యక్షరములు దిద్దించును, రంగుల పేళ్లడుగును, అంకె లొప్పజెప్పించును. బిడ్డ తప్పు చెప్పిన నామె గుండె గతుక్కుమనును, తాను లేకపోవుటవలననే వెనుకబడెనని. చుట్టములు వచ్చినపుడు పద్యము చదివించి, వారి మెప్పును దన నిర్దోషిత్వమునకు సాక్ష్యముగా స్వీకరించును. ఆ తల్లిని మేము నిందింపము. నిందకు వెఱచినవా రట్లే చేయుదురు. కాని దీనివలన నష్టపోవునది యేదనగా, ఏ యానందముకొఱకు దినమంతయు వేచియుండెనో యా యానందమే. పరీక్షాధికారికి బాలుని మార్కులు కనబడును గాని బాలుడు కనబడడు.

పైన జెప్పిన తల్లియు గొంతకాలము ఈ వలలో జిక్కినది. బాలునకు మూడేండ్లు నిండినవి. ఒక యాదివారము సాయంకాలము వారు బీచిలో గూర్చుండియుండిరి. రేవులోనికి బోవుటకు వంతుకై నిలిచియున్న యోడల దీపములు దూరమున బారుతీరి యున్నవి. బాలుడు వ్రేలు చూపి, "ఒకటి, రెండు, నాలుగు" అని లెక్కించెను. తల్లి దిద్దబోయి, ఏమనుకొనెనో, "మరి మూడో ఓడ ఏదిరా?" అని యడిగెను. వాడు కొంచెము సే పాలోచించి, "హార్బర్లోకి వెళిపోయిందమ్మా. నీలాగే డ్యూటీకి" అనెను. ఆమె నవ్వు నాపుకొనలేకపోయెను. అంకెల వరుస యొక వారము ముందో వెనుకో రాగలదు. ఓడలు వచ్చి నిలుచునని, వంతు రాగా లోపలికి బోవునని, పోయినవి మఱల వచ్చునని, తన తల్లియు నట్టిదేయని వా డెవరును జెప్పకయే నేర్చుకొనియుండెను. ఆమె దిద్దియుండినచో నీ సంగతి యామెకు దెలిసెడిది కాదు.

పసివారి చదువును గూర్చి మాటలాడునపుడు మారియా మాంటిసోరీ పేరు తలపక తీఱదు. ఆమె మొదటి శిశుగృహము 6 జనవరి 1907న రోము నగరమున శాన్ లొరెంజో యను కార్మికుల పేటలో దెఱవబడినది. తల్లిదండ్రులు పనికి బోగా మేడల మెట్లపై నల్లరి చేయుచు గోడలు పాడు చేయుచున్న పిల్లల నొకచోట నుంచుటకై యది పుట్టెను. నేడు సంపన్నుల బిడ్డలకొఱకని మనము తలంచు నా పద్ధతి పనిచేయు తల్లుల బిడ్డలతో మొదలైనదని చాలమంది యెఱుగరు. ఇంకొక సంగతి యంతకంటె దక్కువమంది యెఱుగుదురు. 1898లో నామెకు గుమారుడు పుట్టెను. ఆమె యవివాహిత, వైద్యవృత్తిలో నప్పుడప్పుడే నిలదొక్కుకొనుచున్న స్త్రీ. లోకమునకు వెఱచి బిడ్డను బల్లెలో నొక కుటుంబమున కప్పగింపవలసివచ్చెను. వాడు తల్లియొద్దకు జేరునప్పటికి యౌవనపు టంచున నుండెను. ఆ కుమారుడే, మారియో, 1939లో తల్లితో గూడ మద్రాసునందలి అడయారునకు వచ్చి, మన దేశపు టుపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటలో నామెకు గుడిభుజమై నిలిచెను. ప్రపంచమునకు శిశువును జూచుట నేర్పిన స్త్రీ తన శిశువు తొలియడుగును జూడలేదు. ఆమె చూపు లోపించినదని యనగలమా? వృత్తియో, బిడ్డయో యొకటే యెన్నుకొమ్మని స్త్రీని నిర్బంధించిన సంఘమునందే లోపమున్నది. పురుషు డగు వైద్యుని కట్టి నిర్బంధము లేకుండెను.

"ఇదంతయు మాటల నేర్పు, తల్లి యెదుట లేనిచో బిడ్డ చెడునా, చెడదా, యది చెప్పుడు" అని యడుగువా రుందురు. 1991లో అమెరికాలో నారంభింపబడి, 1300కు మించిన శిశువుల పెంపకమును బదేండ్లకు పైగా వెంబడించి చూచిన పరిశీలన యొకటి కలదు. తల్లియొక్కతెయే పెంచిన బిడ్డలకును, పరుల చేతులలో గూడ బెరిగిన బిడ్డలకును మొత్తముమీద బెద్ద భేదము లేదనియు, బిడ్డ చేష్టలను గనిపెట్టి బదులు పలుకు తల్లి గుణము, ఇంటి వాతావరణము, ఇవియే యెక్కువ ప్రభావము చూపుననియు నందు దేలినది. పరుల పెంపకము మేలైనదైనచో బిడ్డల భాష కొంత మెఱుగుపడినట్లును, మిక్కిలి యెక్కువ గంటలైనచో నడవడిలో గొంచెము దుడుకుదనము పెరిగినట్లును గనబడెను. మొదటి వాదమువారి భయము నిది పోగొట్టును; రెండవ వాదమువారి యలసత్వమును బోగొట్టును. గంటలకును విలువ కలదు. ఆ గంట లెవరి చేతిలో నున్నవన్నదియే ప్రశ్న.

శాసన మీ విషయమున గొంత చేసినది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, మొదటి రెండు కాన్పులకు జీతముతో గూడిన సెలవును 12 వారములనుండి 26 వారములకు బెంచిరి. 50 మంది పనిచేయు చోట శిశుగృహ ముండవలె ననియు, తల్లి దినమునకు నాలుగుసారు లచటికి బోయి బిడ్డను జూడవచ్చు ననియు విధించిరి. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలోను నీ నియమములు చేరినవి. చెట్టుకొమ్మ యుయ్యెలను ప్రహరిగోడలోపల మఱల గట్టుటకు శాసనము చేసిన ప్రయత్న మిది. మంచిదే. కాని చేపలతట్ట మోయు తల్లికి యజమాని యెవడు? నాలుగిండ్లలో నంట్లు తోము తల్లికి 50 మంది తోడి యుద్యోగు లెచట? 2017లో నేర్పడిన మాతృవందన యోజన యట్టివారికి మొదటి బిడ్డకు 5000 రూపాయల నిచ్చెను. ఒకరికి జీతముతో నాఱు నెలలు. ఒకరికి 5000 రూపాయలు. బిడ్డ యెదుగుదలను జూచు నానందము నీ విధముగా మనము హోదానుబట్టి పంచుచున్నాము.

2 అక్టోబరు 1975న మొదలైన శిశు అభివృద్ధి పథకము ఊరూర నంగన్వాడీలను వెలయించినది. మూడేండ్లనుండి యాఱేండ్లవఱకు బిడ్డల కాటపాటల చదువు, పసివారికి బోషకాహారము దానివలన లభించుచున్నవి. కాని మూడేండ్లు నిండని బిడ్డను దల్లి పని ముగియువఱకు దినమంతయు నుంచుకొనుట దాని తొలి యుద్దేశములో లేదు. తల్లికి మిక్కిలి యవసరమైన వయస్సుననే బిడ్డకు జోటు కఱవైనది. మఱియు నా కేంద్రములో బరుల బిడ్డలకు మాట నేర్పు స్త్రీయు నొక తల్లియే. ఆమె కిచ్చునది జీతము కాదు, గౌరవవేతనము. తొలిగురువు మహిమను గూర్చి మనము చేయు నుపన్యాసములకు నిది తగిన వ్యాఖ్యానము.

ఇక దండ్రి మాట. పైన జెప్పిన కథలో బాలుడు తొలియడుగు వేసిననాడు తండ్రి యింటనే యుండెను. రాత్రి షిఫ్టు చేసి వచ్చి లోపలిగదిలో నిద్రించుచుండెను. ఆయనయు నా యడుగును జూడలేదు. ఆయన కుళాయి విప్పి యేడ్వలేదు, "అయ్యో, నీవు చూడలేదా?" అని యాయన నెవరు నడుగనులేదు. తల్లికి నష్టము దుఃఖమైనది. తండ్రికి నష్టము తెలియనే లేదు. రెండవదియే యెక్కువ శోచనీయమని మా కనిపించుచున్నది. 2024లో భారత ప్రభుత్వము జరిపించిన కాలవినియోగ పరిశీలనలో, ఇంటిపనులు చేయువారిని లెక్కించినచో స్త్రీ దినమునకు సగటున 289 నిమిషములును, పురుషుడు 88 నిమిషములును వానికి వెచ్చించుచున్నట్లు తేలినది. తల్లి సాయంకాలపు గంట నెవరు దొంగిలించిరని వెదకువారికి దొంగ యీ యంకెలలోనే దొరకును. తండ్రి కూరలు తఱిగి, గిన్నెలు కడిగినచో తల్లికి బిడ్డయొద్ద గూర్చుండుటకు వ్యవధి కలుగును. తండ్రియే బిడ్డకు నీళ్లు పోసి నిద్రపుచ్చినచో నా యానందములో సగ మాయనకే దక్కును.

ఈ నగర మితర విషయములలో నీ న్యాయము నెఱుగనిది కాదు. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతి కంకితమైన విశాఖ యుక్కు కర్మాగారములోని మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని తల్లుల పేళ్లు పెట్టిరి. అట్టి కొలిమి నొకసారి వెలిగించిన పిమ్మట నేండ్లతరబడి యార్పరు. పండుగయైనను, అర్ధరాత్రియైనను దానిని గనిపెట్టుకొని యెవరో యొక రుండవలెను. అయినను ఒక్క మనుష్యుడే యిరువదినాలుగు గంటలు దానియొద్ద నిలువవలెనని యెవరు ననరు. వంతులు వేసికొందురు. షిఫ్టు మాఱునపుడు పోవువారు వచ్చువారికి జరిగినదంతయు, ఏమియు దాచక, చెప్పి పోవుదురు. తన షిఫ్టులో లేనప్పుడు జరిగినదానికై యెవడును దన్ను ద్రోహిగా భావింపడు. కొలిమికి జేసిన యీ యేర్పాటు బిడ్డకు జేయుటకు మనకు మనసు రాలేదు.

ఇప్పు డత్తగారి యసత్యమును గూర్చి తీర్పు చెప్పగలము. ఆమె దయ గొప్పది. కాని యామె మార్గము సరికాదు. బిడ్డను వంతులవారిగా గాపాడువారు పరస్పరము సత్యమును జేరవేసికొననిచో, వచ్చువారికి నిన్నటి బిడ్డ తెలియదు. నిన్నటి బిడ్డ తెలియనిచో నేటి బిడ్డ కనబడడు. కోడలి కానందము నీయదలచి యామె దాచినది యా యానందమునకు వలసిన జ్ఞాపకమునే. అట్లని తప్పంతయు నామెదే కాదు. తొలియడుగును జూడనిది తల్లి కాదనెడు మూఢవిశ్వాసము లేనిచో నామె కసత్యముతో నవసరమే యుండెడిది కాదు.

ఈ తీర్పును మాకంటె ముందుగా నా కోడలే చెప్పినది. ఒకనాడు బాలుడు కుర్చీ లాగుకొని, దానిమీది కెక్కి, తలుపు గడియ తీసెను. అత్తగారు యథాప్రకార మాశ్చర్యపడెను. కాని వాడు కుర్చీని సరిగా గడియక్రింద నిలిపిన నేర్పు చూచి కోడలికి సంగతి తెలిసిపోయినది. ఆమె నవ్వుచు, "అత్తయ్యా, వీడికిది నాలుగోసారైనా అయ్యుంటుంది. ఇక దాచకండి. మొదటిది మీరే చూడండి. సాయంత్రం నేనొచ్చాక ఎలా చేశాడో మొత్తం చెప్పండి" అనెను. అత్తగారు కన్నులొత్తుకొని, ఆనాటినుండి దాచుట మానెను. ఇప్పు డా యింట సాయంకాల మొక గంటసేపు నాయనమ్మ చెప్పుచుండును, తల్లి వినుచుండును, తండ్రి పనిలేనినాడు పొయ్యియొద్ద నిలిచి వినుచుండును; బాలుడు తన కథను దానే దిద్దుచుండును.

చదువరులారా, మీ యింట నిట్టి తల్లి యున్నచో, ఆమె గుమ్మములో నడుగు పెట్టగానే బిడ్డ యేమి నేర్చెనో చెప్పుడు. తప్పు మోపినట్లు గాక, వంతు నప్పగించినట్లు చెప్పుడు. ఆమె చేతిసంచిని దీసికొనుడు. పొయ్యిమీది పని నొక గంట మీరు చూచుకొనుడు. ఆ గంట యామెది, ఆమె బిడ్డది.